జడ్జిగారిని మాట్లాడనివ్వని అమ్మాయి

ఆ మంగళవారం పొద్దున మారిట్ హోల్మ్ దగ్గర ఒక పథకం ఉంది. అది ఎంత పకడ్బందీగా ఉందంటే, దాన్ని చెడగొట్టాలంటే ఎవరైనా పనిగట్టుకుని కష్టపడాలని ఆమె నమ్మకం.

పదింటికి సెయింట్ పాల్‌లో అప్పీళ్ల కోర్టు జడ్జి రోవీనా పైక్ దగ్గర ఇంటర్వ్యూ. మూడింటికి ఉత్తరాన, రెండు గంటల ప్రయాణం అవతల, హెరాన్ కౌంటీ కోర్టులో జడ్జి డ్వేన్ స్ట్రోబెల్ దగ్గర ఇంటర్వ్యూ. రెండూ లా క్లర్కు ఉద్యోగాలే. లా కాలేజీ నుంచి బయటపడ్డాక ఏడాదిపాటు ఒక జడ్జి పక్కన ఉండి, కేసు కాగితాలు చదివి, తీర్పులకు చిత్తుప్రతులు రాసిపెట్టే పని. రాష్ట్రంలో కనిపించిన ప్రతి జడ్జికీ మారిట్ దరఖాస్తు పంపితే, రమ్మని పిలిచినవాళ్లు ఈ ఇద్దరే.

ఆమె మనసంతా అప్పీళ్ల కోర్టు మీదే ఉంది. అక్కడ సాక్షులుండరు, ఏడుపులుండవు, కారిడార్లో కొట్టుకునేవాళ్లుండరు. కింది కోర్టులో అరుపులన్నీ అయిపోయి, చల్లారి, కాగితాలైపోయాకే కేసు అక్కడికి వస్తుంది. మారిట్‌కి కావలసింది సరిగ్గా అదే. మొదటి ఏడాది కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పెట్టినప్పుడు ఆమె లేచి నిలబడి, "గౌరవనీయులైన" అని, తరవాతి మాట రాకముందే నేలమీద పడిపోయింది. కళ్లు తెరిచేసరికి జడ్జి వేషం వేసినాయన తన గౌను అంచుతో ఆమెకు విసురుతున్నాడు. ఆ రోజు నుంచీ నలుగురి ముందు మాట్లాడాల్సిన పని ఏదైనా సరే, ఆమె నాలుగు వీధులు చుట్టు తిరిగైనా తప్పించుకుంటుంది.

ముందు పైక్, తరవాత స్ట్రోబెల్. పైక్ ఉద్యోగమిస్తే స్ట్రోబెల్‌కి మర్యాదగా ఫోన్ చేసి తప్పుకోవచ్చు. ఇవ్వకపోతే స్ట్రోబెల్ ఉండనే ఉన్నాడు. అదీ పథకం.

నల్ల సూటు వేసుకుని కాఫీ కలుపుకుంటుండగా మొదటి ఫోన్ వచ్చింది. జడ్జి పైక్ సెక్రటరీ. మంచు వల్ల జడ్జిగారి విమానం డులూత్‌లో ఆగిపోయింది, ఇంటర్వ్యూ మూడింటికి ఫోన్లో చేస్తారు, ఏమీ అనుకోవద్దు అంది. మారిట్ ఏమీ అనుకోలేదు; మూడింటికే స్ట్రోబెల్ దగ్గర ఉండాలన్నది ఆ క్షణాన ఆమెకు తట్టనేలేదు.

కాఫీ చల్లారకముందే రెండో ఫోన్ వచ్చింది. హెరాన్ కౌంటీ కోర్టు ఆఫీసు చూసుకునే లోర్నా. మధ్యాహ్నానికి మంచు బాగా కురుస్తుందట, పొద్దున్నే వచ్చేస్తే మంచిదని జడ్జిగారు అంటున్నారట. "నీకు ఇబ్బందైతే పరవాలేదు తల్లీ, మేమే ఏదో తంటాలు పడతాం" అని కూడా అంది. మొహమాటానికి పేరుపడ్డ ఆ మిన్నెసోటా రాష్ట్రంలో ఎవరైనా ఆ మాట అన్నాక కాదనగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. మారిట్ తప్పకుండా వస్తానంది. ఫోన్ పెట్టాక గానీ తను ఏం ఒప్పుకుందో ఆమెకు అర్థం కాలేదు. పథకం తలకిందులైపోయింది. ముందు స్ట్రోబెల్, తరవాత పైక్.

వెంటనే కాలేజీలో ఉద్యోగాల వ్యవహారం చూసే బెవ్ థోర్సన్‌కి ఫోన్ చేసింది. బెవ్ ఒక తరం పిల్లల్ని జడ్జిల దగ్గరికి పంపిన మనిషి. విని, పెద్దగా నిట్టూర్చింది.

"స్ట్రోబెల్ ఎదురుగానే ఇచ్చేస్తాడమ్మా. పోయినేడు మనవాడు కోటు విప్పకముందే ఉద్యోగం చేతిలో పెట్టాడు."

"ఇస్తే ఆలోచించుకుని చెప్తానంటాను."

"జడ్జి అడిగాక ఆలోచించుకుంటానన్న పిల్ల మన కాలేజీ చరిత్రలో ఒకతే ఉంది. ఇప్పుడు టైర్లు అమ్ముతోంది" అంది బెవ్.

జడ్జి ఉద్యోగం ఇస్తానంటే అక్కడికక్కడే ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక మిగతా జడ్జిలకు చెప్పి తప్పుకోవాలి. ఇది ఏ చట్టంలోనూ లేదు, అందుకే అందరూ తుచ తప్పకుండా పాటిస్తారు. పోనీ మధ్యాహ్నం ఇంకో ఇంటర్వ్యూ ఉందని ముందే చెప్పేస్తే? అది పెళ్లిచూపుల్లో కూర్చుని, ఫలహారం తింటూ, మూడింటికి ఇంతకంటే మంచి సంబంధం చూడ్డానికి వెళ్లాలండీ అని చెప్పినట్టుంటుంది.

"మరి మూడింటిదాకా ఏం చెయ్యమంటారు?"

"అడగనివ్వకు" అని బెవ్ ఫోన్ పెట్టేసింది.

హెరాన్ ఫాల్స్‌లో కోర్టు భవనం పాతది. ఎర్రరాతి మెట్లు, పైన ఆగిపోయిన గడియారం. మారిట్ లోపలికి అడుగుపెట్టగానే లోర్నా ఎదురొచ్చి ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అరవై దాటిన మనిషి, మెడలో కళ్లద్దాల గొలుసు. "ఇంత దూరం వచ్చావా తల్లీ, ఈ మంచులో" అంటూ ఆ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కాఫీ పోసి, నిమ్మరసం, పంచదార కలిపి ఇంట్లో కాల్చి తెచ్చిన నిమ్మ బిళ్లలు పళ్లెం నిండా పెట్టింది. మారిట్ ఒకటి తినేలోపు ఇంకో నాలుగు డబ్బాలో సర్ది, దారిలో తినమని ఇచ్చింది. కోర్టు కాపలా చూసే డిప్యూటీ గస్ అయితే, ఎవరూ చెప్పకుండానే చీపురు పట్టుకుని ఆమె కారు మీది మంచు తుడవడానికి బయటికి వెళ్లాడు.

మారిట్‌కి కంగారు పుట్టింది. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లని ఎవరూ ఇలా చూసుకోరు. వీళ్లు తనని అప్పుడే తమలో మనిషిగా లెక్కేసుకున్నారు. ఉద్యోగం ఖాయమైపోయింది, ఇక అడగడమే మిగిలింది.

జడ్జి స్ట్రోబెల్ వచ్చాడు. తలుపంత మనిషి. నల్ల గౌను కింద మంచు బూట్లు. అడుగు తీసి అడుగేస్తే కారిడార్ చివరిదాకా వినిపిస్తుంది. ఆమెను గదిలో కూర్చోబెట్టి, తలుపు మెల్లిగా చేరవేసి, గొంతు సవరించుకున్నాడు.

"మారిట్, అన్నిటికంటే ముందు నీతో ఒక మాట..."

"జడ్జిగారూ, ముందు కోర్టు హాలు చూడొచ్చాండీ?"

ఆయన ఆగిపోయాడు. పన్ను పీకించుకోవడానికి వెళ్లినవాడికి డాక్టరు రేపు రమ్మని చెబితే మొహం ఎలా విచ్చుకుంటుందో అలా విచ్చుకుంది. "చూడొచ్చా ఏమిటి, పద" అన్నాడు. ఇప్పటిదాకా వచ్చినవాళ్లలో ఒక్కరూ అడగలేదట.

మారిట్‌కి మార్గం దొరికింది. హాల్లో జడ్జి నోరు తెరిచినప్పుడల్లా ఒక ప్రశ్న వేసింది. ఆ గోడమీది ఫొటోలో ఎవరండీ? ఈ బల్లలు ఏ చెక్కతో చేశారు? గదిని వెచ్చబెట్టే ఈ వేడిగొట్టాలు ఎందుకలా బుస కొడతాయి? జడ్జి ప్రతిదానికీ ఓపికగా, ఇంకాస్త సాగదీసి మరీ జవాబు చెప్పాడు. వేడిగొట్టాల కథలోనే ముగ్గురు మేస్త్రీలు, ఒక వరద, ఒక విడాకుల కేసు వచ్చాయి. తను ఎంత తెలివిగా కాలం దొర్లిస్తోందో అనుకుంది మారిట్. ఈయన ఎందుకింత సంతోషంగా దొర్లనిస్తున్నాడన్న అనుమానం ఆమెకు రాలేదు.

ఎంత పెద్ద కోర్టయినా అడగడానికి కొన్ని వస్తువులే ఉంటాయి. జెండా కర్ర గురించి కూడా అడిగేశాక మారిట్ దగ్గర సరుకు అయిపోయింది. జడ్జి బల్లకు ఆనుకుని నిలబడి మళ్లీ గొంతు సవరించుకున్నాడు. ఇక ఆమె రెండో ఆయుధం తీసింది. తన లోపాలన్నీ ఏకరువు పెట్టింది. నలుగురి ముందు మాట రాదండీ, కళ్లు తిరిగి పడిపోతాను. పొద్దున్నే లేవలేను. నా చేతిరాత నాకే అర్థం కాదు.

వింటున్నకొద్దీ జడ్జి మొహం దిగులుగా అయిపోయింది. ఆయన వచ్చి ఆమె భుజం తట్టాడు. "నిన్ను నువ్వు అలా తీసిపారేసుకోకు తల్లీ. నిన్ను పెట్టుకునే జడ్జి అదృష్టవంతుడు. అందుకే ఇది చెప్పాలంటే నాకు..."

అదే క్షణంలో లోర్నా తలుపు తోసుకు వచ్చింది. మారిట్ ఆమెను కౌగిలించుకున్నంత పని చేసింది. ఇప్పుడున్న లా క్లర్కు టోబీ కారు మంచులో జారి గుంటలో పడిందట. దెబ్బలేం తగల్లేదు కానీ, లాగే బండి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. కారిడార్ నిండా కేసులవాళ్లు కూర్చున్నారు. టోబీ పేరు వినగానే జడ్జీ, లోర్నా ఒకరి మొహం ఒకరు చూసుకుని, చప్పున మారిట్ వైపు చూసి, మళ్లీ చూపు తిప్పేసుకున్నారు.

"నేను సాయం చేస్తాను" అంది మారిట్.

ఆమె లెక్క ఆమెకుంది. జడ్జి బెంచీ ఎక్కి కూర్చుంటే నలుగురి ఎదుటా ఉద్యోగం గురించి ఎత్తలేడు. బెంచీ మీదున్నంతసేపూ తను క్షేమం. జడ్జి వద్దన్నాడు, నీకెందుకు శ్రమన్నాడు, వచ్చిన మనిషితో పని చేయించుకోవడం బావుండదన్నాడు. మారిట్ అప్పటికే ఫైళ్లు చంకలో పెట్టుకుంది.

ఆ విధంగా, ఒక ఉద్యోగం తప్పించుకోవడానికి ఆమె ఆ ఉద్యోగమే చెయ్యడం మొదలుపెట్టింది. ఫైళ్లు అందించింది. కారిడార్లోకి వెళ్లి కేసులవాళ్ల పేర్లు పిలిచింది. మొదటి పేరు పిలిచినప్పుడు ఆమె గొంతు పక్కనున్న కుర్చీక్కూడా వినపడలేదు. ఎవరూ లేవకపోయేసరికి రెండోసారి కాస్త గట్టిగా పిలిచింది. మధ్యాహ్నానికల్లా కారిడార్ అవతలి చివర కునుకుతున్న ముసలాయన ఉలిక్కిపడి లేచేలా పిలవసాగింది. విరామం దొరికినప్పుడల్లా జడ్జి బెంచీ దిగి ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాడు. బూట్ల చప్పుడు వినగానే ఆమె ఇంకో పని కల్పించుకుని ఇంకో గదిలోకి వెళ్లేది. భోజనాల వేళ లోర్నా మాంసం, బంగాళాదుంపలు కలిపి కాల్చిన హాట్‌డిష్ వేడిచేసి పిలిస్తే, పళ్లెం పట్టుకుని నేలమాళిగలోకి పోయి పాత రికార్డుల మధ్య నిలబడి తింది.

ఆ రోజు చివరి కేసు కోపెకీల కేసు. వేడ్ కోపెకీ, డారెల్ కోపెకీ అన్నదమ్ముల బిడ్డలు. ఇద్దరూ యాభై దాటినవాళ్లు, ఇద్దరివీ ఒకే రకం గళ్ల కోట్లు. ఇద్దరూ కలిసి లూన్ సరస్సు మీద ఒక చేపల గుడిసె కట్టుకున్నారు. చలికాలం సరస్సు గడ్డకట్టాక దాన్ని మంచు మీదికి లాగి, అందులో పొయ్యి పెట్టుకుని, కన్నం తవ్వి గాలం వేస్తారు. పోయిన మార్చిలో వేడ్ ఎవరికీ చెప్పకుండా ఆ గుడిసెను సరస్సు అవతలికి లాక్కుపోయాడు. అప్పటినుంచీ మాటల్లేవు. డారెల్ కేసు వేశాడు. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టవద్దనీ, ఒకరిని కిటికీ దగ్గర, ఇంకొకరిని మెట్ల దగ్గర ఉంచమనీ లోర్నా మరీ మరీ చెప్పింది.

ఆ పనిలో ఉండగానే మలుపు అవతల బూట్ల చప్పుడు వినిపించింది. వెనక్కి వెళ్దామంటే గోడ. మూడింటికి ఇంకా గంటపైనే ఉంది. మారిట్ ఆలోచించలేదు. వేడ్‌ను ఒక చేత్తో, డారెల్‌ను ఒక చేత్తో పట్టుకుని, పక్కనున్న జ్యూరీ గదిలోకి లాగి, తలుపు ధడాలున వేసింది.

ఇత్తడి పిడి ఊడి ఆమె చేతిలోకి వచ్చింది.

తలుపు ఎటు లాగినా కదల్లేదు. గస్ అవతలినుంచి తోసి చూశాడు, తన్ని చూశాడు. తాళాల మేస్త్రీ మంచు దాటి రాలేడు కాబట్టి బందులు ఊడదీయాల్సిందేననీ, వాటిమీద మూడు తరాల రంగు పేరుకుని ఉందనీ, ఉలీ సుత్తీ తెస్తాననీ చెప్పి వెళ్లాడు. గదిలో ఒక మూల వేడ్, ఒక మూల డారెల్, మధ్యలో పిడి పట్టుకుని మారిట్.

తలుపు అవతల బూట్లు వచ్చి ఆగాయి.

"భయపడకు మారిట్, గస్ చూసుకుంటాడు. పొద్దుట్నుంచీ నీకొక మాట చెబుదామని చూస్తున్నాను. ఇప్పుడెలాగూ నువ్వెక్కడికీ పోలేవు కాబట్టి..."

మారిట్ గిర్రున తిరిగింది. "డారెల్‌గారూ, ఆ గుడిసెకి చెక్క ఎవరు కొన్నారు?" అని అరిచింది.

బయట మాట తెగిపోయింది. "ఓ, రాజీ మాట్లాడుతున్నారా? అయితే నేనిక్కడ ఉండకూడదు" అంటూ జడ్జి హడావిడిగా వెనక్కి నడిచిన చప్పుడు వినిపించింది. రాజీ మాటలు జడ్జి చెవిన పడితే రేపు ఆ కేసు ఆయన వినడానికి పనికిరాడు. పుస్తకంలో ఎప్పుడో చదివిన ఆ నియమాన్ని ఇంత ప్రేమగా తలుచుకుంటానని మారిట్ ఎన్నడూ అనుకోలేదు. ఈ ఇద్దరూ మాట్లాడుతున్నంతసేపూ జడ్జి తలుపు దగ్గరికి రాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ ఇద్దరూ మాట్లాడరు.

"చెక్క నేను కొన్నా" అన్నాడు డారెల్, గోడకేసి చూస్తూ. "మేకులు ఆయన కొన్నాడట, అడగండి." వేడ్ కిటికీకి చెప్పాడు, మేకులు తనే కొన్నానని. ఆ తరవాత ఇద్దరూ చేతులు కట్టుకున్నారు. దూరంగా బూట్లు ఒక అడుగు ముందుకేశాయి. మారిట్ వరసగా అడగడం మొదలుపెట్టింది. పొయ్యి ఎవరిది? రంగు ఎవరు వేశారు? ఆకుపచ్చ ఎందుకు వేశారు? పైకప్పు కారుతుందా? ఎన్ని కన్నాలు, ఏ చేప, ఎవరికి ఎక్కువ పడేవి? ఆఖరి ప్రశ్నకు ఇద్దరూ ఒక్కసారే "నాకే" అన్నారు. అది రాజీ కాకపోయినా, ఏడాదిగా వాళ్లిద్దరూ కలిసి అన్న మొదటి మాట అదే.

బయట ఉలి చప్పుడు మొదలైంది. మారిట్ ప్రశ్నలు అయిపోయాయి. బూట్లు దగ్గరయ్యాయి. ఇంకేం తోచక, చిన్నపిల్లలు అడిగే ప్రశ్న అడిగింది.

"అసలు ఎందుకు లాక్కెళ్లారండీ వేడ్‌గారూ?"

వేడ్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. మారిట్‌కి కంగారు పెరిగిపోయింది. "దయచేసి ఏదో ఒకటి చెప్పండి" అని బతిమాలింది.

"మంచు నల్లబడింది" అన్నాడు వేడ్.

"ఎక్కడ?" అన్నాడు డారెల్. ఏడాదిలో మొదటిసారి అతను మొహం తిప్పి చూశాడు.

"గుడిసె కింద. తెల్లారకముందే చూశా. మధ్యాహ్నానికి మంచు విరిగి మునిగిపోయేదే. ట్రాక్టరు కట్టి అవతలికి లాగా, అక్కడ మంచు గట్టిగా ఉందని."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

వేడ్ చాలాసేపు టోపీ తిప్పాడు. "చెబితే, నీ గుడిసె నేనే కాపాడానని గొప్పలు చెప్పుకున్నట్టుండదూ?"

డారెల్ కుర్చీలో కూలబడ్డాడు. మారిట్ అతనివైపు తిరిగి, మీరైనా ఎందుకు అడగలేదని అడిగింది.

"అడుగుదామనే అనుకున్నానమ్మా" అన్నాడు డారెల్. "ఇంటికెళ్లి అడిగితే గొడవకొచ్చానని అనుకుంటాడేమోనని కోర్టుకొచ్చాను."

ఆ తరవాత మారిట్ ఏమీ అడగాల్సిన అవసరం రాలేదు. ఇద్దరూ దగ్గరికి జరిగి, ఎంత నల్లబడింది, ఏ వైపు నుంచి పగులు వచ్చింది, గొలుసు ఎవరిది కట్టావు అని మాట్లాడుకుంటున్నారు. వేడ్ బల్లమీద వేలితో సరస్సు పటం గీశాడు. డారెల్ దాన్ని సరిదిద్దాడు. మారిట్ గది మధ్యలో నిలబడి ఉంది. తను ఇందాకట్నుంచీ ఇద్దరు కోపిష్టి మనుషుల ముందు ఆపకుండా మాట్లాడిందని ఆమెకు అప్పుడు తట్టింది. పడిపోలేదు. పైగా లోపలెక్కడో వెచ్చగా ఉంది. ఈ గదిలో ఇప్పుడు జరిగింది ఏ కాగితంలోకీ ఎక్కదు. అప్పీళ్ల కోర్టు దాకా అసలే చేరదు.

ఫోన్ మోగింది. మూడయింది.

జడ్జి రోవీనా పైక్ విమానాశ్రయం గోలలోంచి మాట్లాడుతోంది. పలకరింపులయ్యాయి. గస్ సుత్తి గట్టిగా పడింది.

"ఆ చప్పుడేమిటమ్మాయ్? ఎక్కడున్నావు నువ్వు?"

మారిట్‌కి అబద్ధం వెతుక్కునే ఓపిక మిగల్లేదు. హెరాన్ కౌంటీ కోర్టులో, జ్యూరీ గదిలో, పిడి ఊడిన తలుపు వెనక, చేపల గుడిసె కోసం కోర్టుకెక్కిన ఇద్దరు అన్నదమ్ములతో ఇరుక్కుపోయాననీ, వాళ్లు ఇప్పుడే రాజీ పడ్డారనీ చెప్పింది. గుడిసె కథంతా చెప్పించుకుని పైక్ పెద్దగా నవ్వింది. ఫోన్లోంచి వినిపించిన ఆ నవ్వుకి డారెల్ కూడా, ఎవరిదో తెలియకుండానే, మర్యాదకు నవ్వాడు.

"నిశ్శబ్దంగా పనిచేయడం ఇష్టమని నీ దరఖాస్తులో రాశావు."

"అవునండీ. పొద్దుటిదాకా అలాగే ఉండేది."

"నా ఆఫీసులో అందరూ నిశ్శబ్దం ఇష్టపడేవాళ్లే" అంది పైక్. "కాగితంలో రెండు పేర్లు కనపడితే, వెనక ఇద్దరు మనుషులు ఉంటారని తెలిసిన మనిషి ఒక్కరైనా కావాలి నాకు. ఆగస్టులో వస్తావా?"

ఇన్ని నెలలుగా కోరుకున్న మాట. మారిట్ వస్తానంది. ఆ మాట అన్నాక సంతోషం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే, ఊరు వదిలేటప్పుడు కలిగే దిగులు లాంటిది ఒకటి కలిగింది. ఆమె ఆ ఇద్దరివైపూ, బల్లమీది కనపడని సరస్సు వైపూ చూసింది.

"ఎవరు?" అన్నాడు డారెల్ గుసగుసగా.

"పై కోర్టు జడ్జిలా ఉందిరా. ఉద్యోగమిచ్చింది" అన్నాడు వేడ్.

"మరి మన జడ్జిగారి సంగతేంటి? పొద్దుట్నుంచీ ఈ పిల్ల చుట్టూనే తిరుగుతున్నాడు."

మారిట్ చేతిలోని పిడిని బల్లమీద పెట్టింది. ఇప్పుడు ఆమె అడగనివ్వకపోవడంతో సరిపోదు. ఆయన కాఫీ తాగి, ఆయన కథలు విని, ఆయన కోర్టులో రోజంతా పనిచేసి, చివరికి ఆయన మొహం మీద కాదని చెప్పాలి. మిన్నెసోటాలో ఇంతకంటే ఘోరాలు జరిగాయేమో గానీ ఆమెకు ఒక్కటీ గుర్తు రాలేదు.

తలుపు బందుల నుంచి విడిపోయి, గస్ మీదికి ఒరిగి, పక్కకు జరిగింది. ఎదురుగా జడ్జి స్ట్రోబెల్. ఆయన వెనక లోర్నా, చేతిలో ఇంకో డబ్బా నిమ్మ బిళ్లలు.

"జడ్జిగారూ, మీకొక మాట చెప్పాలి."

"నేనూ నీకొక మాట చెప్పాలి. ముందు నువ్వు చెప్పు."

"లేదండీ, ముందు మీరు."

"కాదు కాదు, నువ్వు అతిథివి."

"మీరు పెద్దవారు."

ఇది సాయంత్రందాకా సాగేదే గానీ, గస్ తలుపు బరువు ఇక మొయ్యలేనన్నాడు. మారిట్ కళ్లు మూసుకుని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. జడ్జి పైక్ ఇప్పుడే ఫోన్లో ఉద్యోగం ఇచ్చారు, నేను ఒప్పుకున్నాను, మీకు ముందే చెప్పాల్సింది, నన్ను క్షమించండి.

కళ్లు తెరిచేసరికి జడ్జి గోడకు చేరగిలబడి ఉన్నాడు. లోర్నా చేత్తో కళ్లు తుడుచుకుంటోంది.

"బతికాం" అన్నాడు జడ్జి.

టోబీ శుక్రవారం సాయంత్రం వచ్చి, ఇంకో ఏడాది ఉండిపోతానని అడిగాడట. టోబీని కాదనడం ఆయన వల్ల కాలేదు. రమ్మని పిలిచిన పిల్లకి ఖాళీ లేదని ఫోన్లో చెప్పడం మర్యాద కాదనిపించింది. ఎదురుగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మంచు పెరిగేలోపు చెప్పి పంపించేద్దామని పొద్దున్నే రమ్మన్నాడట.

"నువ్వు చెప్పనిస్తేనా?" అన్నాడు జడ్జి. "నోరు తెరిస్తే కోర్టు చూస్తానంటావు. చెబుదామంటే నీ లోపాలు చెప్పుకుని నా కడుపు తరుక్కుపోయేలా చేశావు. ఇక ఫైళ్లు ఎత్తుకుని పరుగులు పెడుతుంటే, అంత ఉత్సాహంగా ఉన్న పిల్లకి ఎలా చెప్పమంటావు?"

మారిట్ నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కాస్త కాస్త చేసింది. రోజంతా ఒళ్లు హూనం చేసుకుని తప్పించుకున్న ఉద్యోగం అసలు లేనే లేదు. వింత ఏమిటంటే, లేదని తెలిశాక మనసు చివుక్కుమంది. ఆ మాట కూడా పైకే అనేసింది. అప్పటికి ఆమెకు నలుగురి ముందు మాట్లాడటం అలవాటైపోయింది.

జడ్జి లోర్నా వైపు చూశాడు. లోర్నా తల ఊపింది.

"అలాగైతే" అని ఆయన గొంతు సవరించుకున్నాడు. టోబీ వచ్చే ఏడాది తరవాత వెళ్లిపోతాడనీ, అప్పటికి పైక్ దగ్గర ఆమె ఏడాది పూర్తవుతుందనీ, ఇది పై కోర్టులా గొప్పగా ఉండదనీ, వేడిగొట్టాలు బుస కొడతాయనీ, చలి ఎక్కువనీ, ఇబ్బందైతే మొహమాటపడకుండా కాదనవచ్చనీ, తామే ఏదో తంటాలు పడతామనీ చెబుతూ చెబుతూ, చాలాసేపటికి, ఆ తరవాతి ఏడాది ఇక్కడికి వస్తావా అన్న మాట దగ్గరికి వచ్చాడు. మారిట్ మధ్యలో ఒక్కసారీ అడ్డు తగల్లేదు. మొత్తం విని, వస్తానంది.

కోపెకీల కేసు కొట్టేసినట్టు లోర్నా రాసుకుంది. అప్పటికి బయట మంచు మోకాళ్లలోతు పడింది. గస్ పొద్దున తుడిచిన కారు ఎక్కడుందో కనిపెట్టడమే కష్టమైంది. దాన్ని బయటికి లాగుతామని కోపెకీలిద్దరూ ఉత్సాహంగా పరిగెత్తారు.

కిటికీలోంచి చూస్తున్న లోర్నా, కారును ఎవరి ట్రక్కుతో లాగాలన్న దగ్గర ఇద్దరి గొంతులూ లేవడం విని, వచ్చే నెల కేసుల పట్టీలో ఒక తేదీ ఖాళీగా ఉంచింది.